సార్ లేరా?

నారిన్ ఊళ్లో మా బడి జిమ్ము తలుపు
చలికాలంలో భుజం పెట్టి తోస్తే గానీ కదలదు.
పదకొండేళ్లుగా నా కుడిభుజమే దాని తాళంచెవి.

ఆ ఉదయం స్టూలెక్కి
వాలీబాల్ నెట్టుకు తెగిన తాడు ముడేస్తున్నాను.
కిటికీ లోపలివైపు కూడా మంచు పూసింది.
బొచ్చుటోపీ చేత్తో పట్టుకుని ఒకాయన వచ్చి
కింది నుంచి అడిగాడు:
"ఆటల సార్ లేరా?"

నా మెళ్లో ఈల ఉంది.
చంకలో హాజరు పుస్తకం ఉంది.
అయినా ఆయన చూపు నన్ను దాటుకుని
సామాన్ల గది దాకా వెళ్లొచ్చింది,
బంతుల వెనక ఎక్కడో
ఓ మగమనిషిని నేను దాచిపెట్టినట్టు.

అలవాటే.
ఈ చదువులో చేరిన రోజు మా పెద్దమ్మ అంది,
"లెక్కలు రానివాళ్లు చేరేది కదే అందులో!"
నలభైమంది పిల్లల ఊపిరి ఒకేసారి లెక్కపెట్టడం
ఏ లెక్కల కిందికొస్తుందో ఆమె చెప్పలేదు.
పరిగెత్తితే గర్భసంచి జారుతుందంది ఓ నర్సు.
కాయలు కాసిన వేలికి ఉంగరం దిగదంది పొరుగావిడ.
పెళ్లిలో మా ఆయన స్నేహితుడు
"జాగ్రత్తరా, కొడుతుందేమో" అన్నాడు.
అందరికన్నా ముందు నేనే నవ్వాను.
ఇప్పుడైతే నవ్వను.

వచ్చినాయన మీరిమ్ వాళ్ల నాన్న, జోల్దోష్‌బెక్.
పై కొండల్లో గొర్రెలు కాస్తాడు.
"పిల్ల పేరు కొట్టెయ్యండి.
పద్నాలుగు నిండాయి. ఈ గెంతులు ఒంటికి మంచివి కావట."

అట.
దానికి ఇల్లూ లేదు, వాకిలీ లేదు,
ఏ ఇంటికెళ్లినా భోజనం మాత్రం దొరుకుతుంది.
మా ఎన్ని ఆటల కాళ్లు విరిచిందో
ఈ అట!

చెబుదామనుకున్నాను:
అయ్యా, నిరుడు వేసవిలో మీ గుడారం ముందు చూశాను.
రెల్లుచాప మీద ఉన్ని పరిచి, మరిగే నీళ్లు పోసి,
వరసగా మోకాళ్ల మీద కూర్చుని
మోచేతులతో అదిమి అదిమి దొర్లిస్తున్నారు ఆడవాళ్లు.
డెబ్బయ్యేళ్ల మీ అమ్మ సైరాకాన్ ఆ చివర,
ఏడో నెల కడుపుతో మీ ఆవిడ ఈ చివర.
పొద్దు వాలేదాకా.
ఆరోజు ఎవరి గర్భసంచి గురించీ ఎవరూ మాట్లాడలేదు.
అందరూ టీ తాగారు, ఆ ఉన్ని మీదే కూర్చుని.

ఏమీ అనలేదు నేను.
"కాస్త ఈ తాడు కొస పట్టుకుంటారా?" అన్నాను.

పట్టుకున్నాడు.
నా ముడి కేసి చూశాడు. మొహం చిట్లించాడు.
విప్పి, గుర్రాన్ని కట్టే ముడి వేశాడు,
రెండు మెలికలు, ఒక లాగు.
నెట్టు బిర్రుగా నిలబడింది.

అంతలో గంట కొట్టారు. పిల్లలు పడ్డారు లోపలికి.
మీరిమ్ నాన్నని చూసి
గుమ్మంలోనే ఆగిపోయింది.
"సర్వ్ చెయ్" అన్నాను.
బూట్లు జారి, మేజోళ్లతోనే ఎగిరి కొట్టింది.
గొప్ప సర్వేమీ కాదు.
బంతి నెట్టు దాటింది, గీత దాటింది,
గోడమీది గడియారాన్ని కొట్టి
రెండు పదీ దగ్గర దాన్ని ఆపేసింది.
ఆయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.
అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.
పుస్తకంలో ఆ పేరు దగ్గర
నా పెన్ను రెండు రోజులు ఊరికే ఆగింది.

గురువారం మీరిమ్ వచ్చింది,
అన్న పాత బూట్లతో. రెండు సైజులు పెద్దవి.
"జారవా?" అన్నాను.
ఒకటి విప్పి చూపించింది.
లోపల పాదం ఆకారానికి కత్తిరించి
దారంతో అంచు కుట్టిన ఉన్ని అట్ట, ఎర్రది.
"నానమ్మ కుట్టింది ఎజే.
నేను నిద్రపోతుంటే
నాన్న తాడు పెట్టి కొలిచాడట."

గడియారం ఇంకా బాగుచేయించలేదు.
ఈల వేశాను,
ఆట మొదలు.